పాయింట్ గార్డులకు వరుస కట్టిన అంకుల్

గత మంగళవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరి సెరంగూన్ స్టేషన్ మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. అంకుల్ వాళ్ల అమ్మాయి.

"అన్నా, డాడీ పోయారు. ఆరింటికి. నిద్రలోనే, కష్టపడలేదు" అంది. "నువ్వు వస్తావు కదా?" అని అడిగింది.

వస్తానన్నాను. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి, వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. ఆ నిమిషంలో నాకు కలిగింది దుఃఖం కాదు, భయం. నేను తప్పు చేస్తే పట్టుకునే మనిషి ఇక ఈ ఊళ్లో లేడన్న భయం.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలిసినవాళ్లకు కూడా క్లెమెంటిలో గది అద్దెకిచ్చే అంకుల్‌గానే తెలుసు. వాళ్ల తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చిన మనిషి. అంకుల్ ఇక్కడే పుట్టారు. తెలుగు మాట్లాడేవారు గానీ చదవడం రాదు. ఆ తెలుగులో సగం అరవం, కొంచెం మలయ్ కలిసి ఉండేవి. నన్ను మొదటి రోజు నుంచీ "తంబీ" అనే పిలిచారు. తువాస్‌లో ఓడలు కట్టే యార్డులో ముప్పై ఏళ్లు స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యారు. ఆంటీ నేను రాకముందే పోయారు. అమ్మాయి యూనివర్సిటీ హాస్టల్లో ఉండేది. ఆ నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఒక గది నేను అద్దెకు తీసుకున్నాను, ఉన్నది మేమిద్దరమే.

కంప్యూటర్ నేర్చిన ప్రతివాడూ విమానం ఎక్కుతున్న రోజుల్లో నేను అనంతపురం నుంచి వచ్చాను. ఆఫీసులో ఎనిమిదిమంది తెలుగువాళ్లం ఉండేవాళ్లం. సరదాకి నేనొక ప్రోగ్రాం రాశాను. అదొక బాస్కెట్‌బాల్ లీగ్. ఒక్కొక్కరికీ ఒక జట్టు, జట్టు నిండా నిజంగా లేని మనుషులు. ఒక్కో ఆటగాడికి వేగానికింత, పాస్‌కింత, షాట్‌కింత అని నూటికి మార్కులు. శనివారం మధ్యాహ్నం ప్రోగ్రాం నడిపితే కంప్యూటరే ఆటలన్నీ ఆడేసి, ఏ నిమిషంలో ఎవరు ఎవరికి బంతి ఇచ్చారో ఇంగ్లిష్‌లో వరుసగా రాసి ఇచ్చేది. పేర్లు మా ఊళ్ల పేర్లే పెట్టుకున్నాం. నా జట్టులో బంతి నడిపేవాడు ఓబులేసు. వరంగల్ నుంచి వచ్చిన మిత్రుడి జట్టులో యాదగిరి. కాకినాడ అతని జట్టులో నూకరాజు.

ఒకరోజు ఆ కాగితాలు హాల్లో మర్చిపోయాను. సాయంత్రం వచ్చేసరికి అంకుల్ రెండు కళ్లద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని చదువుతున్నారు.

"తంబీ, ఎవరీ నూకరాజు? ఏ స్కూల్లో ఆడాడు?"

"అలాంటి మనిషి లేడు అంకుల్. కంప్యూటర్ ఆడించేది."

"లేకపోతే ఏం? బాగా ఆడుతున్నాడు" అన్నారు.

ఆయన కుర్రతనంలో స్కూలు జట్టుకు, తరువాత యార్డు జట్టుకు పాయింట్ గార్డుగా ఆడారు. అంటే బంతిని ముందుకు తెచ్చి, ఎవరి చేతికివ్వాలో నిర్ణయించేవాడు. మిగతా స్థానాలు ఆయనకు పట్టేవి కావు. సీజన్ పూర్తయిన ప్రతిసారీ మా ఎనిమిది జట్ల పాయింట్ గార్డులకు వరుస కట్టేవారు. పాత క్యాలెండర్ కాగితాల వెనక ఇంగ్లిష్ పెద్దక్షరాలతో ఒక్కొక్కరి పేరు, కింద నాలుగు వాక్యాలు. మేం ఎక్కువ పాయింట్లు చేసినవాణ్ణి గొప్పవాడనుకునేవాళ్లం. ఆయన అవి చూసేవారు కాదు. ప్రతి ఆటలో చివరి రెండు నిమిషాలు మాత్రం వేలు పెట్టి చదివేవారు.

"ముందంతా అందరూ బాగానే ఆడతారు. భయం వేసినప్పుడు బంతి ఎవరు దాచుకుంటారు, ఎవరు ఇస్తారు, అది చూడు, పోదుమ్" అనేవారు. పోదుమ్ అంటే చాలు. ఆయన మాటలన్నీ ఆ పోదుమ్‌తోనే ముగిసేవి.

మూడో సీజన్‌లో నేనొక పని చేశాను. ప్రోగ్రాం నా దగ్గరే ఉండేది కాబట్టి ఎవరికీ చెప్పకుండా ఓబులేసు పాస్ మార్కులు పెంచాను. జట్టు గెలిచింది. మిత్రులు చప్పట్లు కొట్టారు. అంకుల్ వరుసలో ఓబులేసు ఎనిమిదోవాడు, అంటే ఆఖరివాడు. కింద ఒకటే వాక్యం, ఇతని నంబర్లు నేను నమ్మను అని. ఎందుకని అడిగితే తల ఎత్తలేదు. "మనిషి ఒక్క వారంలో ఇంత మారడు తంబీ. నువ్వేమైనా చేశావా అని నేను అడగను. నువ్వే చూసుకో."

ఆ శనివారమే మార్కులు సరిచేశాను. మిత్రులకు మాత్రం చెప్పలేదు.

సార్స్ అంటువ్యాధి వచ్చిన సంవత్సరం ఇక్కడున్నవాళ్లకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసు గుమ్మంలో పొద్దున, సాయంత్రం టెంపరేచర్ చూసేవాళ్లు. లిఫ్టులో ఎవరైనా దగ్గితే మిగతావాళ్లు తరువాతి అంతస్తులో దిగిపోయేవాళ్లు. అప్పటికే పని తగ్గి, మా కంపెనీలో నెలకు ఇద్దరు ముగ్గురిని తీసేస్తున్నారు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే ఊరికి పోవాలి. ఏ భయం ఎక్కువో తెలియకుండా తిరుగుతున్న రోజుల్లో వానకు బస్‌స్టాప్ దగ్గర జారిపడి మణికట్టు బెణికించుకున్నాను. ఎక్స్‌రే కోసం ఒక ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చున్నాను.

నాలుగు రోజులకు మాస్కులు వేసుకున్న ఇద్దరు అధికారులు తలుపు తట్టారు. నేను కూర్చున్న చోటే ఆ జబ్బు మనిషి ఒకరు కూర్చున్నారట. పది రోజులు గడప దాటకూడదు. ఫోన్ పక్కన చిన్న కెమెరా పెట్టారు. ఏ వేళలోనైనా ఫోన్ వస్తుంది, రాగానే కెమెరా ముందు నిలబడి థర్మామీటర్ నోట్లో పెట్టుకుని నంబర్ చూపించాలి. అంకుల్‌తో, మీరు కావాలంటే ఇప్పుడే చుట్టాలింటికి వెళ్లవచ్చు, ఉంటే మీరూ కదలకూడదు అన్నారు.

సెరంగూన్‌లో ఆయన అక్కగారి ఇల్లుంది. నేను వెళ్లమని చెప్పాను. "నీకు మకాన్ ఎవరు వండుతారు?" అని ఆయన వంటింట్లోకి వెళ్లిపోయారు. మకాన్ అంటే మలయ్‌లో తిండి.

నేను నా గదిలో, ఆయన హాల్లో. మధ్యలో మూసిన తలుపు. ఫోన్ మోగినప్పుడు మాత్రం ఆయన వంటింటి మూలకు వెళ్లేవారు, నేను బయటికి వచ్చేవాణ్ణి. అమ్మాయి సరుకులు తెచ్చి గ్రిల్ బయట పెట్టి, దూరం నుంచి చెయ్యూపి వెళ్లేది. ఆయన అన్నం ప్లేటు నా గుమ్మం దగ్గర పెట్టి, రెండుసార్లు తట్టి, పక్కకు జరిగేవారు. ఏమీ తోచక, ఆ సీజన్ పాయింట్ గార్డుల వరుస కట్టడం మొదలుపెట్టాం. నేను ఆటల కాగితాలు తలుపు కింద నుంచి తోసేవాణ్ణి. ఆయన బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గట్టిగా చదివి వాదించేవారు.

ఏడో రోజు లేచేసరికి గొంతు మండుతోంది. ఒళ్లు కాలుతోంది. థర్మామీటర్ పెట్టుకుంటే ముప్పై ఎనిమిది దాటింది. ఆ జబ్బుతో లోపలికి వెళ్లినవాళ్లను ఇంట్లోవాళ్లు అద్దంలోంచి కూడా చూడలేకపోతున్నారని రోజూ వార్తల్లో వింటున్నాం. ముందురోజే అమ్మ ఫోన్ చేస్తే నాకేం కాలేదులేమ్మా అన్నాను.

ఫోన్ మోగింది. హాల్లో ఉన్న ఫ్రిజ్‌లోంచి రెండు ఐసు ముక్కలు తీసి నోట్లో వేసుకుని నమిలాను. కెమెరా ముందు నిలబడ్డాను. నంబర్ మామూలుగా చూపించింది. అవతలి గొంతు థాంక్యూ అంది. మధ్యాహ్నం కూడా అలాగే చేశాను.

సాయంత్రం అంకుల్ యాదగిరి గురించి ఏదో చదువుతూ ఆగిపోయారు. లేచి వెళ్లిన చప్పుడు. ఫ్రిజ్ తలుపు తీసి వేసిన చప్పుడు. మళ్లీ కుర్చీ.

"తంబీ, ఐసు ఏమైంది?"

నేను దుప్పటి మీదికి లాక్కున్నాను.

"పొద్దున నీ గొంతు బొంగురుగా ఉంది. గొంతు బాగాలేనివాడు ఐసు తినడు. ఎంత ఉంది?"

"మామూలుగానే ఉంది అంకుల్. ఎండకు అట్లుంటుంది లే."

"నంబర్ చెప్పు."

"ముప్పై ఎనిమిదీ నాలుగు" అన్నాను. చెప్పాక ఏడుపొచ్చింది. "అంకుల్, రెండు రోజులు చూస్తాం. మీ కాళ్లు పట్టుకుంటా. ఆఫీసులో తెలిస్తే పంపించేస్తారు. వాళ్లు తీసుకుపోతే మళ్లీ రానేమో."

అవతల కుర్చీ జరిగింది. లేచి వెళ్లిపోయారేమో అనుకున్నాను.

"పంపిస్తే ఊరికి పోతావు. ఇది దాస్తే ఎక్కడికి పోతావు?" అన్నారు. "ఫోన్ నువ్వే చెయ్యాలి. నేను చేస్తే నువ్వు దాచినవాడివి అవుతావు. నువ్వు చేస్తే చెప్పినవాడివి అవుతావు. వెళ్లు. నేను వంటింట్లో ఉంటా."

చేశాను. నంబర్ చెప్పాను, ఐసు సంగతి కూడా చెప్పాను. అరగంటలో తెల్ల దుస్తుల్లో కళ్లు మాత్రం కనిపించే ఇద్దరు వచ్చారు. కారిడార్లో మేం నడుస్తుంటే కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. అంకుల్ వంటింటి గోడకు ఆనుకుని, మూతికి తువాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

వార్డులో ఒంటరి గది. రోజుకు నాలుగుసార్లు ఒక నర్సు కళ్లు. పక్క గదిలోంచి దగ్గు వినిపించేది. ఆ దగ్గు ఆగితే ఇంకా భయం వేసేది. మొదటి సాయంత్రం మంచం పక్కన ఫోన్ మోగింది.

"ఎనిమిదోవాడితో మొదలుపెడతా. రోజుకొకడు. విను" అన్నారు అంకుల్. ఒక ఆటగాడి పేరు, నాలుగు వాక్యాలు, పోదుమ్, ఫోన్ పెట్టేశారు. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. రెండో రోజు ఏడోవాడు. మూడో రోజు ఆరోవాడు. నేను కళ్లు మూసుకుని సాయంత్రం కోసం చూసేవాణ్ణి.

నాలుగో రోజు ఫోన్ రాలేదు. ఏడైంది, ఎనిమిదైంది. నా గది ఫోన్ నుంచి బయటికి కలవదు, నర్సును పిలిచి నంబరిచ్చి చేయమన్నాను. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదంది. అంతవరకూ నాకోసం భయపడ్డాను. ఆ సాయంత్రం మొదటిసారి వేరే భయం పట్టుకుంది. అరవై రెండేళ్ల మనిషి, ఆ ఫ్లాట్‌లో ఒక్కరే, నేను అంటించిన జబ్బుతో పడి ఉన్నారని అనుకున్నాను. ఐసు నమిలిన ఒక్క రోజులో ఎన్నిసార్లు ఆయన నా ప్లేటు కడిగారో లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

మర్నాడు ఫోన్ వచ్చింది. "నిన్న లైను బాగా లేదు. ఐదోవాడు" అన్నారు. నేను రిసీవర్ గుండెకు ఆనించుకుని ఏడ్చాను. ఆయన చదువుతూనే ఉన్నారు. ఆరో రోజు నాలుగోవాడు ఓబులేసు. "ఇప్పుడు వీడి నంబర్లు నమ్ముతున్నా" అన్నారు.

ఏడో రోజున డాక్టర్ వచ్చి అది సార్స్ కాదని, డెంగీ అని చెప్పాడు. ఇంకో రెండు రోజులు ఉంచారు. తొమ్మిదో సాయంత్రం అంకుల్ ఒకటోవాడి పేరు చెప్పారు. నూకరాజు. వాడిది అన్నింటికంటే చివరన ఉన్న జట్టు. మూడుసార్లు బంతి వదిలేసిన తోటివాడికే చివరి నిమిషంలో మళ్లీ బంతి ఇచ్చాడట. వాడు నాలుగోసారీ వదిలేశాడట. "అయినా వీడే ఒకటి. ఎందుకో ఇంటికొచ్చాక చెప్తా" అన్నారు. ఇంటికొచ్చాక నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆఫీసులో అంతా చెప్పేశాను, ఓబులేసు మార్కుల సంగతితో సహా. మిత్రులు నవ్వారు. ఉద్యోగం ఇంకో ఏడాది నిలిచింది, తరువాత పోయింది, ఇంకొకటి దొరికింది. పెళ్లయి సెరంగూన్ మారాక కూడా నెలకోసారి క్లెమెంటి వెళ్లేవాణ్ణి.

మూడు వారాల క్రితం చివరిసారి చూశాను. మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. మాట మెల్లగా వస్తోంది. అమ్మాయి గంజి గిన్నె నా చేతికిచ్చి మందుల కోసం కిందికి వెళ్లింది. రెండు స్పూన్లు తాగి ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"తంబీ, నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకరోజు ఫోన్ చెయ్యలేదు."

"లైను బాగా లేదన్నారు కదా అంకుల్."

"లైను బాగానే ఉంది. నేను ఎత్తలేదు." ఊపిరి తీసుకున్నారు. "ఆ పొద్దున దగ్గొచ్చింది. నాకూ వచ్చేసిందనుకున్నా. నువ్వు చంపేశావు అనుకున్నా. నువ్వు తిన్న ప్లేటు, గ్లాసు, స్పూను, అన్నీ సంచిలో కట్టి చెత్త చ్యూట్‌లో పడేశా. నీ పరుపు కూడా పడేద్దామనుకున్నా, మొయ్యలేకపోయా. రాత్రి ఫోన్ మోగుతుంటే కూర్చుని చూశా."

"తప్పు నాది కదా అంకుల్" అన్నాను.

"నీ తప్పు నువ్వు చెప్పేశావు. నాదే ఇన్నేళ్లూ ఉండిపోయింది. భయపడ్డా రా. చాలా భయపడ్డా."

ఆయన నోట రా అన్న మాట అంతకుముందు నేను వినలేదు. గంజి చల్లారుతోందని ఇంకో స్పూను ఆయన నోటికి అందించాను. సగం తాగారు. తరువాత నా చేతిలోంచి ఆ స్పూను తీసుకున్నారు. మిగిలిన సగం గంజితో దాన్ని నా వైపు తిప్పారు. స్పూను అంచు నుంచి గంజి ఒక్కో చుక్కా దుప్పటి మీద పడుతోంది. అది నా పెదాల దాకా రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. నేను నోరు తెరిచాను.