డీజిలు మన్ను

త్రిపురాంతకం మండలంలోని మా ఊళ్ళో వెంకటసుబ్బులమ్మ నోటికి జంకని వాళ్ళు తక్కువ. మొగుడు పోయాక కంది చేను, రెండు బర్రెలు, ఇంటి వెనక బోరు, అన్నీ ఒక్కతే చూసుకుంటోంది.

బోరు దగ్గర, కొట్టం పక్కన పల్లంలో వానకు నీళ్ళు నిలిచేవి. మెరక చేసుకుందామని మన్ను కోసం వెతుకుతుంటే టిప్పరు తోలే పెద్దయ్య వచ్చాడు.

"మార్కాపురం రోడ్డులో పెట్రోలు బంకు కాడ తవ్వుతుండారు అక్కా. మన్ను ఊరకే ఇస్తారు. తోలమంటావా?"

తోలమంది. నల్లగా ఉంటే రేగడి అనుకుంది.

తొలి వానకే సంగతి బయటపడింది. బోరు నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కట్టింది. బర్రెలు తొట్టిలో మూతి పెట్టి వెనక్కి తీసుకున్నాయి. బంకులో పాత ట్యాంకు కారి, డీజిలు ఇంకిన మన్ను అది.

సుబ్బులమ్మ నేరుగా బంకు యజమాని నాగభూషణరావు దగ్గరికి పోయింది.

"ఏందయ్యా, నీ బంకు పాపం తెచ్చి నా బోరు పక్కన పోయించినావు?"

"నువ్వు అడిగితేనే కదమ్మా తోలినారు" అన్నాడాయన కుర్చీలోంచి కదలకుండా.

"మన్ను అడిగినా. డీజిలు అడిగినానా?"

ఇంటికొచ్చి పార పట్టింది. వీఆర్వో కొండలరావు ఆపాడు, ఒంగోలు నుంచి కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు వచ్చి చూసేదాకా ముట్టుకోవద్దని. వచ్చిన ఇంజినీరమ్మ మన్నూ నీళ్ళూ పరీక్షకు పట్టుకుపోయింది. తర్వాత మళ్ళీ వచ్చి చెప్పింది. ఇలాంటి మన్నును పర్మిట్ లేకుండా తవ్వకూడదు, కదిలించకూడదు. ఎంత లోతుకు ఇంకిందో ముందు తేలాలి. ఏ బండిలో తీసుకుపోతారో, ఎక్కడ దించుతారో ముందే చెప్పాలి. అందాకా టార్పాలిన్ కప్పి ఉంచాలి.

సుబ్బులమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది నా ఇంటికి వచ్చేటప్పుడు పర్మిట్ ఏదని ఎవురూ అడగల్యా. పోయేటప్పుడు అడుగుతారా? పోయించినోడు ఫ్యాను కింద కూర్చున్నాడు, నేను బిందెలు మోస్తాండా. రూలు నాకేనా మేడమ్?"

"దరఖాస్తు బంకు వాళ్ళే పెట్టాలమ్మా. ఖర్చూ వాళ్ళదే" అంది ఇంజినీరమ్మ.

నాగభూషణరావు దరఖాస్తు పెట్టలేదు. నెలలు గడిచాయి. నీళ్ళు మోయలేక సుబ్బులమ్మ ఒక బర్రెను అమ్మేసింది. రెండు బస్సులు మారి ఒంగోలు పోయి, ఆఫీసులో కనబడిన ప్రతివాణ్ణీ కడిగేసి వచ్చింది.

ఒక మధ్యాహ్నం పెద్దయ్య టిప్పరు, దాని వెనక జేసీబీ ఇంటి ముందు ఆగాయి.

"రావుగారు ఎత్తెయ్యమన్నాడక్కా. నీ పీడ పోతాది."

"పర్మిట్ వచ్చిందా?"

"అదంతా నీకెందుకు? పొద్దుగూకేలోపల నీ దొడ్డి శుభ్రం."

"యాడ పోస్తావు?"

పెద్దయ్య నసిగాడు. "పుల్లలచెరువు దిక్కున, అడివంచున ఒక కుంట ఉంది. ఎండిపోయింది. ఎవురూ చూడరు."

"ఎండితే ఆ పల్లెలోళ్ళు చెలమలు తీసుకోరా?"

సుబ్బులమ్మ మంచం ఈడ్చుకొచ్చి జేసీబీకి అడ్డంగా వేసి కూర్చుంది.

"పోతంటే పోనీరాదూ, నీకేంది?" అంది పక్కింటి కాశమ్మ.

"అక్కడ నాలాంటిది ఒకతి ఉంటాది కాశమ్మా. ఆమె ఎవురి మీద అరవాల? ఇంతకాలం అరిచి అరిచి నా గొంతు పోయింది. ఆమెకీ అదే గతా?"

కొండలరావుకు ఫోను చేసి, అతను పోలీసులను వెంటబెట్టుకుని వచ్చేదాకా మంచం దిగలేదు. టిప్పరును స్టేషనుకు తీసుకుపోయారు. బంకు మూయించారు. అప్పుడు నాగభూషణరావే దరఖాస్తు పట్టుకుని ఒంగోలు పరిగెత్తాడు. పర్మిట్ వారం తిరక్కుండా వచ్చింది. ఆ మాట విని సుబ్బులమ్మకు సంతోషం కలగలేదు, వారంలో అయ్యే పనికి నెలల తరబడి నీళ్ళు మోయించారని కోపం రెట్టింపయింది.

చేతులకు తొడుగులు వేసుకున్న మనుషులు వచ్చి, ఇంజినీరమ్మ ఎదురుగా, మంచి మన్ను తగిలేదాకా తవ్వారు. మూత కట్టిన బండ్లలో, ఇలాంటి చెత్త కోసమే కట్టిన చోటికి తోలారు. పాత బోరుకు మూత బిగించి, చేను చివర బంకు ఖర్చుతో కొత్త బోరు వేశారు.

ఆ రోజు నాగభూషణరావు వచ్చాడు. "అయిందేదో అయింది. మనసులో పెట్టుకోవాకమ్మా."

"పెట్టుకుంటా" అని, సుబ్బులమ్మ బర్రెను నీళ్ళకు తోలుకుపోయింది.