హామీ పత్రం

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో క్రెడిట్లు చాలక నన్ను డిటెయిన్ చేశారు. భావనపాడులో ఏడాదంతా ఇంట్లో ఖాళీగా కూర్చున్నా, చేపల వేటకొస్తే చదువు పోతుందని నాన్న నన్ను పడవ ఎక్కనివ్వలేదు.

మళ్ళీ చేరే రోజు ఆయన్ని కాలేజీకి తీసుకెళ్ళాను. కొడుకు ఈసారి అన్నీ పాసవుతాడని హామీ పత్రం మీద సంతకం పెట్టమన్నాడు గుమాస్తా.

"సేపలు పడతాయని ముందే ఎవుడైనా రాసిస్తాడేటి బాబూ?" అన్నాడు నాన్న.

గుమాస్తా విసుగ్గా పెన్ను చేతికిచ్చాడు. నాన్న వల అల్లినంత నిదానంగా సంతకం పెట్టాడు.

తిరుగు బస్సులో అడిగాడు. "మల్లీ తప్పితే ఏటి సేత్తారు?"

"ఇంక చేర్చుకోరు నాన్నా."

తిడతాడనుకున్నాను.

"పడవలో నీకో సోటుంచుతాన్లే" అన్నాడు.