డి.టి. గారి తలనీలాలు

హనుమాన్ జంక్షన్‌లో మా మిలిటరీ లారీ ఆగేటప్పటికి ఉదయం ఏడయింది. మంచు. రోడ్డుకి అవతల ఆగిన లారీలు కూడా కనపడటం లేదు. సుబేదారు సాబ్‌తో కలిపి పది మందిమి. సామాను: రెండు రబ్బరు పడవలు, వాటి మోటార్లు, పెట్రోలు డబ్బాలు, తాళ్ళు, ఒక పెద్ద వైర్‌లెస్ సెట్టు, చేతిలో పట్టే చిన్న సెట్లు రెండు. వైర్‌లెస్ డ్యూటీ నాది. డెబ్బై ఎనిమిది, ఫిబ్రవరి. నవంబరు ఉప్పెన తర్వాత ఏలూరు వైపు రిలీఫ్ పనిలో ఉన్నాం. ఉన్నట్టుండి ఉయ్యూరు పొమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు.

టీకొట్టాయన చెప్పాడు.

"లంకకేగా అండీ? డి.టి. గారిని పట్టుకుని కూర్చున్నారుగా. అయినా మిమ్మల్ని లోపలికి వెళ్ళనివ్వర్లెండి. పోలింగు దాకా ఆయన్ని అక్కడే ఉంచమన్నారంట."

"ఎవరన్నారు?"

"పైనుంచి," అన్నాడు గ్లాసు కడుగుతూ.

మా ఆర్డరు మాకింకా తెలీదు. ఆయనకి తెలుసు. మొదట్లోనే నాకు ఒళ్ళు మండింది.

గన్నవరం, కంకిపాడు మీదుగా ఉయ్యూరు. ఫ్యాక్టరీ ముందు చెరుకు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఊరంతా బెల్లప్పాకం వాసన. అక్కణ్ణుంచి దక్షిణంగా కృష్ణ కరకట్ట. కట్టకి లోపలివైపు చెరుకు, ఆ తర్వాత ఇసుక, ఆ తర్వాత రెండు పాయలుగా చీలిన నది. మధ్యలో లంక. అరవై పాకలుంటాయి. ఉప్పెన గాలికి సగం పాకల కప్పులు లేచిపోయాయి. అందరూ క్రైస్తవులే, రోమను కతోలికులు. కౌలు చెరుకు, చేపలు, కూలిపని.

జరిగింది ఇది. డి.టి. గారంటే డిప్యూటీ తాసిల్దారు. నష్టం రాసుకోవడానికి లంకకి వెళ్ళారు. రాసుకోలేదు. ఇది పోరంబోకు నేల, ఇక్కడ ఇళ్ళున్నట్టు రికార్డులో లేదు, తాటాకులు ఇప్పించడం కుదరదన్నారు. ఆడవాళ్ళు ఆయన దోనెని ఒడ్డుకి లాగేశారు. ఆకులు, వెదుళ్ళు వచ్చేదాకా సారు మా దగ్గరే ఉంటారన్నారు. గుళ్ళో పడక వేశారు. అంతే. కానీ ఆయన బావమరిది ఎన్నికల్లో నిలబడి ఉన్నాడు. దాంతో పాకల కప్పు గొడవ కాస్తా రాష్ట్రం గొడవైంది.

సుబేదారు సాబ్ గఢ్వాలీ, ముక్తసరిగా మాట్లాడతాడు. ఆయన హిందీలో ఇచ్చిన ఆర్డరు తెలుగులో ఇది: "కాల్పులు లేవు. లంక మీద కాలు పెట్టేది లేదు. పోలీసు పడవ వెళ్ళకుండా చూడాలి. మన హద్దు నది. కట్ట దాటిన గొడవ మనది కాదు."

కట్ట మీద టెంటు వేశాం. ఏరియల్ కోసం వెదురు పాతాను. పగలు ఎండ, పొద్దున్నే ముందున్న మనిషి కనపడనంత మంచు. రోజంతా కట్ట మీద మైకు కార్లు. బావమరిది కారు వచ్చి, రెండో పార్టీవాళ్ళే లంకవాళ్ళకి డబ్బిచ్చి మావాణ్ణి పట్టించారనేది. గంట తిరక్కుండా రెండో కారు వచ్చి, సానుభూతి కోసం బావమరిదే దాయించాడనేది. మిలిటరీ ఎందుకు కదలటం లేదో అడగండని రెండు కార్లూ మావైపు చెయ్యి చూపించేవి. మేం బంగాళాదుంపలు ఒలుచుకుంటూ కూర్చునేవాళ్ళం.

లంక నుంచి రోజూ పొద్దున్నే వచ్చేది ఒకే ఒక్క మనిషి, ఉపదేశి యోహాను గారు. ఫాదరు గారు నెలకోసారి వస్తే, మిగతా రోజుల్లో జపం చెప్పించేది ఈయనే. యాభై దాటుంటాయి. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునేవారు. దోనె తోసుకుంటూ ఇవతలికి వచ్చి, లంకవాళ్ళ మాట మాకు, మా మాట వాళ్ళకి చెప్పేవారు. కట్ట పక్క చెరుకుతోటలో సైకిలు పెట్టుకునేవారు, ఉయ్యూరు వెళ్ళాలంటే అదే.

"ఏ ఊరు బాబూ నీది?"

"గుణదలండీ."

"కొండ కిందేనా? అయితే మనవాడివే. మేరీమాత తిరునాళ్ళకి మా లంక మొత్తం వస్తుంది. మీ వీధిలో ఎప్పుడో నీళ్ళు తాగే ఉంటాను."

మర్నాడు ఆయన చేతికి చిన్న సెట్టు ఇచ్చి పంపాం, డి.టి. గారి గొంతు వినిపించడానికి. పొద్దున్న తొమ్మిదికి సెట్టు పలికింది.

"నేను బాగానే ఉన్నానండీ. జ్వరం తగిలింది. గంజి కాచి పెడుతున్నారు. పోలీసుల్ని మాత్రం పంపొద్దని చెప్పండి. గుళ్ళో పిల్లలున్నారు. ఓవర్ అనాలా?"

మాట అయ్యాక స్విచ్చి వదలాలి. సివిల్ వాళ్ళు వదలరు. ఆయన సెట్టుని గుండెకి పట్టుకున్నట్టున్నారు, వేలు స్విచ్చి మీదే ఉండిపోయింది. వెనక ఆడవాళ్ళ జపమాల వినిపిస్తోంది. దాని మీద ఆయన గొంతు, మెల్లిగా.

"తల్లీ మేరీమాతా, నేను నీ బిడ్డని కాను. అయినా అడుగుతున్నా. ఈ లంకలో తుపాకి పేలకుండా నన్ను ఇంటికి చేర్చు. నీకు తలనీలాలిస్తాను."

నా పక్కన ఉన్నది పడవ నడిపే హవల్దారు. మలయాళీ, తెలుగు రాదు. ఏమన్నాడని అడిగితే దండం పెట్టుకుంటున్నాడని చెప్పాను. తెలుగు అర్థమై ఆ మాట విన్నది ఇవతలి ఒడ్డున నేనొక్కణ్ణే.

కలెక్టరాఫీసు దిగొచ్చింది. తాటాకుల బళ్ళు కట్ట దాకా వచ్చాయి. ఎప్పుడు వదులుతారని సుబేదారు సాబ్ అడిగితే యోహాను గారు లెక్క చెప్పారు.

"ఎల్లుండి పొద్దున్నండీ. ఆ పూటే మేమంతా తిరునాళ్ళకి బయల్దేరాలి. అందరం పోతే సారుకి గంజి ఎవరు కాస్తారు?"

ఇదీ అసలు కారణం. గంజి కాచేవాళ్ళుండరని వదిలారు. అదే సాయంత్రం బెజవాడలో బావమరిది పెద్ద మీటింగుందని లంకలో ఒక్కరికీ తెలీదు. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు. మా వీధిలో ఇప్పటికీ నవ్వుతారు.

ఆ పొద్దున మంచులోంచి దోనె వచ్చింది. కట్ట మీద నాలుగు కార్లు, పోలీసులు, ఓ యాభై మంది పార్టీ జనం. డి.టి. గారు దోనెలో లేచి నిలబడ్డారు. నున్నటి గుండు. గుండుకి గంధం.

లంకలో ఒక పద్ధతుంది. కొండ ఎక్కలేనివాళ్ళకి రేవులోనే నీలాలు తీసి, వాటిని కొత్త గుడ్డలో మూటగట్టి ఇంకొకరు మోసుకెళ్ళి కొండ మీద ఇస్తారు. ఎన్నికల వేళ బావమరిది తనని గుణదల వెళ్ళనివ్వడని డి.టి. గారే ఇక్కడే తీసెయ్యమని అడిగారట. వాళ్ళు సంబరంగా తీశారు, ఆడవాళ్ళు గంధం రాశారు. బయటివాళ్ళు ఏమనుకుంటారన్న ఆలోచన ఆ అరవై పాకల్లో ఒక్కరికీ రాలేదు. వాళ్ళకి గుండంటే మొక్కు తీరడం. కట్ట మీద ఉన్నవాళ్ళకి పెద్దింటి మనిషికి గుండు కొట్టి పరువు తియ్యడం.

"గుండు కొట్టించార్రా," అన్నారెవరో.

డి.టి. గారు చెయ్యెత్తి ఏదో చెప్పబోయారు. బావమరిది మనుషులు ఆయన తల మీద కండువా కప్పి కార్లోకి తోశారు. యోహాను గారు దోనె దగ్గరే ఉండిపోయారు, చంకలో తెల్లటి మూటతో. నలుగురైదుగురు ఆయన వంకే చూస్తూ నిలబడ్డారు. సుబేదారు సాబ్ మా వాళ్ళని ముందుకి నడిపించాకే వాళ్ళు కదిలారు.

సాయంత్రం బ్యాటరీలకని నన్ను బెజవాడ పంపారు. దారి మీదే మీటింగు. ఇసకేస్తే రాలని జనం. బావమరిది మైకులో మాట్లాడి మాట్లాడి, పక్కన కూర్చున్న డి.టి. గారి తల మీద కండువా లాగేశాడు. జనం గోలకి నా చెవులు గింగురుమన్నాయి. ఆయన తల వంచుకుని కూర్చున్నారు.

యూనిఫారంలో ఉన్నాను కాబట్టి స్టేజీ వెనక్కి వెళ్ళనిచ్చారు. డి.టి. గారు కుర్చీలో ఒక్కరే ఉన్నారు, చేతిలో సోడా.

"సార్, నేను వైర్‌లెస్‌లో ఉన్నవాణ్ణి. మీ మొక్కు విన్నాను. సెట్టు ఆన్‌లోనే ఉండిపోయింది."

ఆయన అటూ ఇటూ చూశారు.

"ఎవరికన్నా చెప్పావా?"

"మీరు చెప్పాలి సార్. ఇప్పుడే ఆ మైకులో చెప్పండి. యోహాను గారి ప్రాణం మీదికొచ్చేలా ఉంది."

"యోహానా? నాకు గంజి పోసి బతికించాడయ్యా. ఆయన జోలికి ఎవరు పోతారు?" సోడా కింద పెట్టారు. "పోలింగు కానీ. అయిన మర్నాడే నేనే చెబుతా. ఇంకెన్నాళ్ళని?"

మంచివాడు. నాకు ఇప్పటికీ ఆయన మంచివాడనే అనిపిస్తుంది, అందుకే ఎక్కువ కోపం.

అప్పటికే రెండు కథలు ఊళ్ళమ్మట తిరుగుతున్నాయి. ఉపదేశికి రెండో పార్టీ డబ్బిచ్చి గుండు కొట్టించిందని ఒకటి. బావమరిదే డబ్బిచ్చి, మీటింగు రోజుకి గుండుతో పంపించమన్నాడని ఇంకొకటి. రెండు కథల్లోనూ దొంగ యోహాను గారే. తిరునాళ్ళకి బయల్దేరిన లంకవాళ్ళని కట్ట మీద అటకాయించి వెనక్కి పంపారు. ఒకామె చెవి కమ్మ లాగేశారు.

మర్నాడు మధ్యాహ్నం యోహాను గారు మా టెంటుకి వచ్చారు. మూట చంకలోనే ఉంది.

"తిరునాళ్ళు రేపటితో అయిపోతాయి బాబూ. ఇది కొండెక్కాలి."

"నాకివ్వండి. డ్యూటీ అయ్యాక నేనెక్కిస్తా. మాది కొండ కిందేగా."

"నీ డ్యూటీ ఎప్పుడవుతుందో నీకే తెలీదు. ఆయన నా చేతిలో పెట్టారు. మా లంకలో పుచ్చుకున్నవాడే మొయ్యాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు."

"మీ గురించి ఏమనుకుంటున్నారో తెలుసాండీ?"

"తెలుసు. పొద్దున్నే, మంచులో పోతాలే. నన్నెవరు చూస్తారు?"

ఆయనకి తోడుగా ఇద్దరిని పంపమని సుబేదారు సాబ్‌ని అడిగాను. "హమారా హుకుమ్ నదీ తక్ హై, బేటా," అన్నాడు, మన ఆర్డరు నది దాకానేనని. పెద్ద సెట్టు మీద పైవాళ్ళని అడగమన్నాడు. అడిగాను. "ఆర్డరులో మార్పు లేదు. ఓవర్," అన్నారు. మళ్ళీ అడిగాను. సెట్టు ఖాళీగా ఉంచమన్నారు.

పొద్దున్న మంచులో దోనె ఇవతలికి వచ్చిన చప్పుడు విన్నాను. సైకిలు గొలుసు చప్పుడు విన్నాను. కట్ట మీద ఉయ్యూరు వైపు వెళ్ళింది. కాసేపటికి అటువైపే ఒక కారు వెళ్ళింది, లైట్లు లేకుండా.

మంచు విడిచాక సెంట్రీ పిలిచాడు. "వైర్‌లెస్, ఇలా రా."

మైలు దూరంలో కట్ట మలుపు దగ్గర సైకిలుంది. పడిపోయి లేదు. స్టాండు వేసి ఉంది. తాళం వేసి ఉంది. వెనక క్యారియర్ మీద కొత్త గుడ్డ విప్పేసి ఉంది. డబ్బు కోసం వెతికినట్టున్నారు. జుట్టు గాలికి కట్టంతా పడి, మంచుకి తడిసిన చెరుకాకులకి అంటుకుని ఉంది. మనిషి లేడు.

రోజంతా వెతికాం. చెరుకులోకి దిగాం. నదిలో గేలాలు వేశాం. హద్దు సంగతి ఆ రోజు సుబేదారు సాబ్ ఎత్తలేదు. తర్వాత పోలీసులు కూడా వెతికారు. ఇప్పటిదాకా ఆయన దొరకలేదు.

చెరుకాకుల మీద జుట్టు చేతనైనంత ఏరాను. నా చేతిరుమాల్లో కట్టుకున్నాను. సైకిలుని మా పడవలో లంకకి చేర్చాం. హవల్దారు తాళం పగలగొట్టబోతే యోహాను గారి భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

పోలింగైంది. ఎవరు గెలిచారో నేను చెప్పను. డి.టి. గారు మర్నాడు చెప్పలేదు. ఆ పై మర్నాడూ చెప్పలేదు. ప్రమోషన్ మీద వేరే జిల్లాకి వెళ్ళారు, అక్కడే రిటైరయ్యారు, అక్కడే పోయారు.

తిరుగు దారిలో మళ్ళీ హనుమాన్ జంక్షన్. అదే టీకొట్టు. ఉపదేశి డబ్బు తీసుకుని మద్రాసు చెక్కేశాడంట కదా అన్నాడు టీకొట్టాయన. నాకిక ఆగలేదు. మొక్కు, గంజి, రేవు, మూట, సైకిలు, అన్నీ చెప్పాను. బెంచీ మీదవాళ్ళు టీ తాగడం మానేసి విన్నారు. అంతా అయ్యాక ఒకాయన పక్కవాడి వైపు వంగాడు.

"చూశావా, మిలిటరీవాడికి కూడా నేర్పించి పంపారు."

సెలవు దొరికాక కొండెక్కాను. తలనీలాలు పుచ్చుకునే చోట ఒక పెద్దాయన రుమాలు విప్పి చూశాడు.

"ఎవరి పేరు మీదండీ?"

"యోహాను గారి పేరు మీద," అన్నాను.

ఆరేళ్ళకి మిలిటరీ నుంచి వచ్చేశాక లంకకి వెళ్ళాను. అన్ని పాకలకీ మంచి కప్పులున్నాయి. యోహాను గారి వసారాలో సైకిలు ఉంది, స్టాండు వేసి. టైర్లు మట్టిలో కలిసిపోయాయి. తాళం అలాగే ఉంది. నా కళ్ళు అక్కడే ఉండటం ఆయన భార్య చూసింది.

"తాళంచెవి ఆయన దగ్గరుంది బాబూ," అంది.