ఉల్లిగడ్డ తినే పిట్ట

లస్మయ్య తన ఎనభై ఆరేళ్ల జీవితంలో ఏ పనీ పూర్తి చేసిన పాపాన పోలేదు. చాయ్ తాగితే అడుగున ఒక గుక్క వదిలేవాడు. గడ్డం గీసుకుంటే చెవి కింద నాలుగు వెంట్రుకలు వదిలేవాడు. కథ చెబితే రాజకుమారిని రాక్షసుడి గుహలోనే వదిలేసి ముసుగు తన్నేవాడు. జగిత్యాల దగ్గర తన రెండెకరాల్లో వరి కోస్తే, ప్రతి మడిలో ఒక మూల కోయకుండా వదిలేవాడు. ఎందుకని అడిగితే అరవై ఏళ్లుగా ఒకటే జవాబు: "నడుం పట్టింది."

ఊళ్లో ఆయన పేరే మూల లస్మయ్య. అలాగని పొలం మీద ప్రేమ లేదనడానికి వీల్లేదు. జ్వరమొచ్చినా గట్టు మీదే మంచం వేయించుకునే మనిషి. వరికోత మిషన్ వచ్చాక ఇక ఈ సాకు చెల్లదని అందరూ సంబరపడ్డారు. లస్మయ్య మిషన్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ మూల ఉండనియ్యి."

"ఎందుకు తాతా?" అన్నాడు డ్రైవర్.

"నడుం పట్టింది."

"కోసేది మిషన్ గదా. నడుం ఎవలకు పట్టింది?"

"దానికే. సప్పుడు ఇనవడ్తలేదా?"

డ్రైవర్ కంగారుగా దిగి ఇంజన్ చూసుకున్నాడు. ఆ రోజుకు మూల బతికిపోయింది.

రెండువేల ఇరవైలో, శివరాత్రి దాటాక, కంటి ఆపరేషన్ కోసం సూరత్‌లో ఉన్న కొడుకు అంబదాస్ దగ్గరికి వచ్చాడు. కంటికి పట్టీ ఇంకా తీయకముందే లాక్‌డౌన్ వచ్చింది. అంబదాస్ పనిచేసే ఖటోదరా పేటలో బట్టల మగ్గాలన్నీ ఆగిపోయాయి. రెండో అంతస్తులో ఒక్క గది, దాని ముందు అన్ని గదులకూ కలిపి ఒక పొడుగాటి వరండా. లోపల బియ్యం డబ్బాకు కాపలా కోడలు అనురాధ. సూరత్‌లోనే పుట్టి పెరిగిన ఆమెకు మడీ తెలియదు, మూలా తెలియదు. డబ్బా అడుగు మాత్రం రోజూ కనబడుతోంది.

ఊరికే కూర్చోలేని లస్మయ్య బియ్యం ఏరే పని తీసుకున్నాడు. చాట పట్టుకుని వరండా చివర కూర్చునేవాడు. కొంత ఏరి, రెండు పిడికిళ్లు చాటలోనే వదిలి లోపలికి వచ్చేసేవాడు. నడుం పట్టేది. రాత్రి అన్నానికి పిలిచినా నడుమే పట్టేది. నడుముకూ అన్నానికీ ఏం సంబంధమో అనురాధకు అంతుపట్టలేదు. పైగా తను పోయి చూసేసరికి చాట ఖాళీగా ఉండేది.

"మామా, బియ్యం ఏవి?"

"పిట్టలు తిన్నయేమో బిడ్డా."

మర్నాడు బియ్యంతో పాటు రెండు ఆలుగడ్డలు పోయాయి. ఆ మర్నాడు ఉల్లిగడ్డలు.

"ఉల్లిగడ్డ తినే పిట్ట ఏడుంది మామా? సీదా చెప్పుండ్రి."

"సూరత్ పిట్టలు. వాటి సంగతి నాకేం ఎరుక?"

"తిన్నంక చాట తుడిచి గోడకు ఆనిచ్చి పోతున్నయి."

"అట్లనా. వాటి అవ్వయ్యలు మంచిగ సాదిండ్రు."

ఆ వారమే దాతలు వచ్చారు. ఒక పిండి సంచికి ఎనిమిది చేతులు, మూడు ఫోన్లు. పెద్దాయన ఫోటో కోసం మాస్కు తీసి, తీసుకునేవాళ్లను కాస్త దీనంగా చూడమన్నాడు. అంబదాస్ లైన్లో నిలబడి ఒక సంచీ, ఒక ఫోటో సంపాదించుకొచ్చాడు. చివరి గదిలో ఉండే నరహరి మాత్రం తలుపు వేసుకున్నాడు. ఇరవై మందికి పని చూపించిన మగ్గాల మేస్త్రీ అతను. ఆ పిండి రొట్టె అయ్యేలోపు ఫోటో ఊళ్లో ప్రతి ఫోన్‌కూ చేరుతుందని అతనికి తెలుసు.

డబ్బాలో నాలుగు రోజుల గింజలు మిగిలాయి. ఇక పిట్టను పట్టుకోవాల్సిందేనని అనురాధ ఒక మధ్యాహ్నం తలుపు సందులో కాపు కాసింది. వచ్చింది నరహరి భార్య కరుణ. బియ్యం కొంగులో పోసుకుంది, ఉల్లిగడ్డ కూడా వేసుకుంది, చాట తుడిచి గోడకు ఆనించి వెళ్లిపోయింది. గదిలో లస్మయ్య వరండాకు వీపు పెట్టి, ఒంటి కన్నుతో క్యాలెండర్‌ను శ్రద్ధగా చూస్తున్నాడు.

"మామా, పిట్ట దొరికింది."

"సూసినవా?"

"సూసిన."

"గదే తప్పు చేసినవ్ బిడ్డా," అన్నాడు లస్మయ్య. "కోసిన మడిల మిగిలింది పరిగె. ఎవలు ఏరుకుంటే వాళ్లది. రైతు అటు సూడొద్దు. సూస్తే దానమైతది, సూడకుంటే వాళ్ల కష్టమైతది. మా అవ్వ పరిగె ఏరే నన్ను సాదింది. ఒక్కలకు దండం పెట్టలే."

"మనకే నాలుగు దినాలకున్నయి మామా."

"అందుకే గదా రాత్రి బువ్వ బంద్ చేసిన."

అనురాధకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆ నడుముకు జండూబామ్ రాసింది తనే.

మర్నాడు ఆమే చాట పట్టుకుని వరండాలోకి పోయింది. ఐదు నిమిషాల్లో ఖాళీ చేతులతో తిరిగి వచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

"నాకు గూడ నడుం పట్టింది మామా. రాత్రికి మాత్రం మీరు తినాలె."

ఐదో రోజు రేషన్ దుకాణం తెరిచారు. ఎండాకాలం పోయాక మగ్గాలు మొదలయ్యాయి. నరహరి పనిలోకి పోయిన నెలకు, చాటలో ఎక్కడినుంచో కిలో బెల్లం వచ్చి పడింది. పిట్టలే తెచ్చి ఉంటాయని లస్మయ్య తేల్చేశాడు.

తర్వాతి ఏడు చలికాలంలో రెండో కంటికి ఆపరేషన్ అని మళ్లీ సూరత్ వచ్చి, అది చేయించుకోకుండానే నిద్రలో పోయాడు. పక్కన చాయ్ గ్లాసులో ఒక గుక్క మిగిలి ఉంది.

పోయినవాళ్లు కాకిగా వచ్చి తింటారని మూడో రోజు ఆ బిల్డింగ్ డాబా మీద పిట్టకు పెట్టారు. అన్నం, కోడికూర, ఆయనకు ప్రాణమైన పచ్చి ఉల్లిగడ్డ. కాకి వచ్చి గోడ మీద వాలింది గానీ విస్తరి ముట్టలేదు. అది ముడితేనే అందరికీ భోజనం. "పొలం నేను సూసుకుంట నాయనా, ఆ మూల గూడ ఇడుస్త," అని అంబదాస్ దండం పెట్టాడు. కాకి కదల్లేదు. ఇరవై మంది రెప్ప వేయకుండా దాన్నే చూస్తున్నారు.

"అందరు అటు తిరుగుండ్రి," అంది అనురాధ. "మీరు సూస్తుంటే అదెట్ల తింటది?"

ఇరవై మందీ వీపులు తిప్పారు. రెక్కల చప్పుడయింది. కాసేపటికి తిరిగి చూస్తే విస్తరి ఖాళీ. ఉల్లిగడ్డ ఒక్కటే ముట్టకుండా ఉంది.

అనురాధ కరుణ వైపు చూసింది. కరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"అది నాకు ఇడిచిండు పెద్దయ్య," అని ఉల్లిగడ్డ తీసి కొంగున ముడేసుకుంది.