విశ్వాసమ్మ ఇంటి గవాచి

బేతంచెర్ల స్టేషను వెనక వీధిలో విశ్వాసమ్మ మిద్దె ఉంది. అందులో ఏడుగురం అద్దెకుంటాం. అందరం బండల పాలిషు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లమే. ఇంజనీరింగు రెండో ఏట వదిలేసి వచ్చిన నాకు ఆ ఇంట్లో చోటు ఊరికే దొరకలేదు. ఆమె షరతులకు ఒప్పుకున్నాకే దొరికింది.

షరతులు రెండు. పని నుంచి వచ్చినవాడు పెరట్లో తొట్టి దగ్గర తలమీదుగా నీళ్లు పోసుకున్నాకే గడప దాటాలి. ఆమె భర్త గాబ్రియేలు ఆ రాతిపొడి పీల్చి, ఏళ్లతరబడి దగ్గి దగ్గి చనిపోయాడు. అందుకని పొడి లోపలికి రావడానికి వీల్లేదు. రెండోది, ఒకడి కులం, మతం ఇంకొకడు అడగకూడదు. మొదట్లో చర్చి పెద్దలు మనవాళ్లకే గదులిమ్మని చెప్పారట. ఆమె తలూపి, ఆ సాయంత్రమే ప్లాట్‌ఫారం మీద పడుకుంటున్న ముస్తాక్‌ను పిలుచుకొచ్చి లోపలి గదిలో పెట్టింది. పన్నెండేళ్లయింది, అతను ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆమెను పెద్దమ్మా అంటాడు.

నిరుడు ఎండాకాలంలో మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. ఐదుగురికి మించి అద్దెకు పెట్టుకునే ఇంటికి లైసెన్సు ఉండాలి. రెండు మరుగుదొడ్లు, మంటలార్పే సిలిండరు, ఉండేవాళ్ల పేర్ల రిజిస్టరు, ప్రతి గదికీ బయటి గాలి, వెలుతురు. ఏ గదికి అవి లేకపోతే ఆ గది ఖాళీ చేయించాలి. నేనే చదివి వినిపించాను. విశ్వాసమ్మ భయపడలేదు. నెల తిరక్కుండానే రెండో మరుగుదొడ్డి కట్టించింది, సిలిండరు తెప్పించింది, రిజిస్టరు నాచేత రాయించింది.

అన్నీ సరిగ్గా చేసి ఒక్కచోట తప్పు చేసింది. లోపలి గదికి కిటికీ లేదు. పాత మిద్దెలన్నిటికీ ఉన్నట్టే కప్పులో గవాచి ఉంది. మూరెడు చదరపు కంత. పగలు దానిగుండానే వెలుగు దిగుతుంది, ఉక్క బయటికి పోతుంది. వానొస్తే ఒకరు పైకెక్కి బండతో మూస్తారు. ఆఫీసరు వస్తున్నాడనేసరికి ఆమెకు ఆ కంత నామోషీ అనిపించింది.

"నెత్తిన బొక్క పెట్టుకోని లైసెన్సు అడిగితే నవ్వడా అప్పా?" అంది.

ముస్తాక్ ఫ్యాక్టరీ నుంచి అద్దంలా మెరిసే పలక తెచ్చాడు. మెరిసే ముఖం కిందికి పెట్టి, కంత మూసి సిమెంటుతో బిగించాం. నిచ్చెన పట్టుకున్నది నేను. నోటీసు చదివినవాణ్ని, నాకూ తట్టలేదు.

తనిఖీకి వచ్చిన రంగనాథ్ మంచోడే, మర్యాదగా మాట్లాడాడు. దొడ్లు చూశాడు, రిజిస్టరు తిప్పాడు, తొట్టి ఎందుకని అడిగి తెలుసుకున్నాడు. లోపలి గదిలోకి వచ్చి లైటు ఆర్పమన్నాడు. ఆర్పితే పక్కవాడు కనపడలేదు.

"ఈ గదికి గాలి యాడనుంచి వస్తాదమ్మా?" అన్నాడు. "నలుగురూ ఖాళీ చెయ్యల్ల. ముందు గదికైతే రాసిస్తా" అంటూ ముగ్గురని రాయడం మొదలుపెట్టాడు.

ఆ నలుగురిలో ముస్తాక్ ఒకడు. అతను అప్పుడే తన ట్రంకుపెట్టె వైపు చూస్తున్నాడు. విశ్వాసమ్మ అది చూసింది.

"కూచోండి సార్, రాయొద్దు" అని కొంగు బిగించి సుత్తి అందుకుంది. తను ఎక్కుతానని ముస్తాక్ ముందుకొచ్చాడు.

"మూయమన్నది నేను. నేనే తీస్తా. మీరు పరుపులు జరపండి."

యాభై ఎనిమిదేళ్ల మనిషి నిచ్చెనెక్కి మిద్దె మీదికి పోయింది. నాలుగో దెబ్బకు పలక పగిలి ముక్కలు గది నడుమ పడ్డాయి. వెంట వెలుగు పడింది. ఆ కంతలోంచి ఆమె మొహం కిందికి వంగింది.

"ఇది మా గవాచి సార్. చాలదా?"

రంగనాథ్ తలెత్తి చూశాడు, టేపు తీశాడు. చాలదన్నాడు. రెండడుగులుండాలి, పైన ఇనుప జాలీ ఉండాలి, వాన లోపలికి రాకూడదు.

"రెండడుగులంటే కప్పులో ఇంకొక బండ తీస్తే సరి. ముస్తాక్, గడ్డపార తీసుకోని పైకి రా. సారుకు టీ ఇయ్యి అప్పా" అని నాకు చెప్పింది.

ఆయన టీ తాగేలోగా బండ లేచింది. మళ్లీ కొలిచాడు. జాలీకి వారం గడువిచ్చి, రాసింది కొట్టేసి, ఏడుగురు అని రాశాడు.

లైసెన్సు కాగితం ఇప్పుడు లోపలి గదిలో గవాచి కింద, వెలుగు పడేచోట గోడకు వేలాడుతోంది. కంత పెద్దదైంది కాబట్టి పైన మూసే రేకూ పెద్దదే, ఒక్కడివల్ల కాదు. అందుకని విశ్వాసమ్మ మూడో షరతు పెట్టింది. వానొస్తే ఇద్దరు ఎక్కాలి, వారానికో జత. ఈ వారం ముస్తాక్‌దీ నాదీ వంతు.