నాకు కనపడతాండాది, పో

మా ఇంట్లో వాన పడినప్పుడల్లా ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథ తప్పు. ఎక్కడో ఒకచోట కాదు, మొదటి నుంచి చివరి దాకా తప్పు. అది తప్పని తెలిసినవాళ్లం ఇంట్లో ఇద్దరమే. ఒకామె ఏనాడూ నోరు విప్పలేదు. రెండో మనిషిని నేను. నేను నోరు విప్పలేదంటే ఆళ్లగడ్డలో మా వీధివాళ్లు ఎవరూ నమ్మరు. కూరగాయల బండి దగ్గర నుంచి కాలేజీ ప్రిన్సిపాల్ గది దాకా నాతో వాదించి నెగ్గినవాళ్లు లేరు. అలాంటి నోరు ఒక్క విషయంలో ఏళ్ల తరబడి మూసుకుని కూర్చుంది. మూసుకున్న నోరు ఎంత బరువుంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు.

ముందు వాళ్లు చెప్పే కథ వినండి. మా తోడికోడలు సునంద, ఇంటికి చిన్నకోడలు, కొత్తగా కారు నేర్చుకుందట. ఆడబిడ్డ సీమంతానికి సారె తీసుకుని ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బయలుదేరిందట. వాన పట్టుకుందట. భయంతో చేతులు వణికాయట. సిరివెళ్ల దాటాక కారు రోడ్డు దిగి కల్వర్టు గోడకు కొట్టుకుందట. అత్త మణికట్టు విరిగిందట. అంతా చెప్పి మా మరిది, అంటే సునంద మొగుడు, చివర ఒక మాట తగిలిస్తాడు. "మా సునంద స్టీరింగు పట్టుకుంటే మనకే కాదప్పా, అద్దాలకు గూడా చెమటలు పడతాయి!" అందరూ నవ్వుతారు.

నేనూ నవ్వేదాన్ని. ఇన్నేళ్లూ మోసింది ఆ నవ్వునే.

ఇప్పుడు జరిగింది చెబుతాను.

మా అత్తగారింట్లో ఒక పట్టింపు ఉంది. సారెలో పెట్టే భక్ష్యాలు, కోస్తావాళ్లు బొబ్బట్లంటారే అవి, పెనం మీది వేడి పోకముందే ఆడపిల్ల ఇంట్లోకి చేరాలి. చల్లారిపోయిన భక్ష్యం ఇస్తే పుట్టింటి మనసు చల్లారిందని అర్థమట. అందుకని కాల్చినవి కాల్చినట్టు వెదురు గంపలో పేర్చి, నెయ్యి తడిపిన గుడ్డ కప్పి, పైన దుప్పటి చుట్టి, వెనక సీట్లో కూర్చున్న అత్త ఒళ్లో పెట్టాం. మగవాళ్లు ముందురోజే నంద్యాల వెళ్లి పందిరి పనుల్లో ఉన్నారు. స్టీరింగు దగ్గర సునంద. పక్కన నేను. కారెక్కేలోపే ముగ్గురి చీరలూ తడిశాయి. గంట దారి. అద్దాలన్నీ ఎత్తేశాం.

ఊరు దాటకముందే సునంద అంది, ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పుతానని, లేకపోతే లోపల ఆవిరి పడుతుందని. భక్ష్యాలు చల్లారతాయని అత్త గొణిగింది. గొణిగిందంతే. గట్టిగా వద్దన్నది నేను. ఏసీ వేస్తే అద్దం ఇంకా చల్లబడి ఇంకా ఆవిరి పడుతుందని అప్పటికప్పుడు ఒక సిద్ధాంతం అల్లాను. బీయస్సీ చదివినదాన్ని. వేడి గంప, తడి చీరలు, మూడు ప్రాణుల ఊపిరి ఒక మూసిన పెట్టెలో ఉంటే ఆ తేమంతా ఎక్కడికి చేరుతుందో నాకు తెలుసు. ఏసీ గాలిలోని తేమను పీల్చేస్తుందనీ తెలుసు. సునంద చెప్పింది సరి. సరి అని తెలిసే కాదన్నాను. ఎందుకు? ఆమె అప్పటికే కారు నడుపుతోంది, అది చాలదా, ఇంకా నాకు పాఠం కూడా చెప్పాలా?

సగం దారికి అద్దం పాలు పోసినట్టు తెల్లబడింది. తుడుస్తానని నేనే ముందుకు వంగాను. చేతికి దొరికింది గంప మీది నెయ్యి గుడ్డ. దాంతో రుద్దాను. ఒక్క క్షణం తేటపడ్డట్టు అయింది. ఆ వెంటనే జిడ్డు మీద మళ్లీ ఆవిరి పట్టింది. ఎదురుగా వచ్చే లారీ లైటు అద్దమంతా పరుచుకుంది.

అప్పుడు సునంద అడిగింది. ఆ మాటలు ఇవి. ఒక్క అక్షరం మార్చడం లేదు.

"అక్కా, నాకు రోడ్డు కనపడల్యా. నీకు కనపడతాండాదా?"

"కనపడతాండాది, పో."

"నిజంగానా అక్కా?"

"కండ్లు నావి గదా! పోతావా లేదా?"

వాన హోరులో ఈ మాటలు వెనక అత్త దాకా పోలేదు. నాకు ఏమీ కనపడలేదు. తెలుపు. అంతే. కనపడలేదని ఒప్పుకుంటే బండి ఆపాలి. ఆపితే ఏసీ వేయాలి. వేస్తే అద్దం తేటపడుతుంది. తేటపడితే సునంద గెలుస్తుంది. ఈ లెక్కంతా నా బుర్ర ఒక్క రెప్పపాటులో వేసింది. సునంద నా మాట నమ్మి, తన కళ్లను కాదని, బండిని ముందుకు పోనిచ్చింది. దారి అక్కడ కొంచెం వంపు తిరుగుతుంది. మేం తిరగలేదు.

ఆ తర్వాతది ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతాను. గోడకు కొట్టుకున్న చప్పుడు ఆగింది. వెనక అత్త కేక పెడుతోంది. గంప బోర్లా పడింది. అప్పుడు నాకు మొదట తోచింది అత్త చెయ్యి కాదు. 'ఇంక ఈమె కారు ముట్టుకోదు' అని తోచింది. సంతోషమా అది? సంతోషం కాకపోతే మరేమిటి? ఎన్నిసార్లు అడిగినా నా దగ్గర ఇంకో పేరు లేదు.

నేను కూడా ఒకప్పుడు నేర్చుకోబోయాను. మా ఆయన నేర్పించాడు. గేరు దగ్గర మాటామాటా పెరిగి అహోబిలం రోడ్డు మీద కారు దిగేసి ఆటోలో ఇంటికొచ్చాను. వాదనలో గెలిచాను. డ్రైవింగు రాలేదు. సునంద మాత్రం ఎవరితోనూ వాదించకుండా నేర్చేసుకుంది. ఆదివారం ఆదివారం తన బండిలో తాను దొర్నిపాడు వెళ్లి వాళ్ల నాయనను చూసి వచ్చేది. వాకిట్లో హారను కొట్టి కొంగు దోపుకుంటూ దిగేది. ఆ దిగడం నాకు మింగుడు పడేది కాదు.

ఫోను అందుకుని మగవాళ్లు నంద్యాల నుంచి ఆదరాబాదరా కల్వర్టు దగ్గరికి వచ్చారు. ఏమైందని అడిగారు. సునంద అత్తను పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. నేను అన్నాను: "సునందకు వాన అలవాటు లేదు గదా, బెదిరింది." ఇన్నేళ్లుగా ఇంట్లో తిరుగుతున్న కథకు మొదటి వాక్యం నాదే. మిగిలింది వాళ్లు కట్టుకున్నారు.

ఆ రోజు తాళాలు మరిది జేబులోకి వెళ్లాయి. దొర్నిపాడు వెళ్లాలంటే సునంద మొగుడిని అడగాలి. "వచ్చే వారం పోదాంలే" అనేవాడు. వచ్చే వారం మళ్లీ వచ్చే వారం. ఆదివారం పొద్దున చీర మార్చుకుని వసారాలో కూర్చుని, మధ్యాహ్నానికి లేచి మళ్లీ పాత చీర కట్టుకునేది. నేను చూసేదాన్ని. చూసి, బియ్యం ఏరుకునేదాన్ని.

ఈ వానల్లో, ఆనాడు ఆడబిడ్డ కడుపులో ఉన్న పిల్ల పెద్దమనిషి అయింది. మేనమామల సారె వెళ్లాలి. మళ్లీ భక్ష్యాలు, మళ్లీ గంప, మళ్లీ నెయ్యి గుడ్డ, మళ్లీ వాన. కారు వాకిట్లో ఉంది. సునంద కూతురు శ్రావ్యకు ఈమధ్యే పద్దెనిమిది నిండాయి. "నాయనా, నేను గూడా కారు నేర్చుకుంటా" అంది. మరిది నవ్వాడు. "వద్దు తల్లీ. మీ అమ్మ రక్తం నీది. అద్దాలకు చెమటలు పడతాయి."

శ్రావ్య ముఖం ముడుచుకుంది. సునంద గంప సర్దుతూ తల ఎత్తలేదు. కథ ఒక తరం దాటి ఇంకో తరం మీదికి దుముకుతోంది. నా కళ్ల ముందే. నేను లేచాను.

"మరిదీ, రా. కారెక్కు."

"టైముందిలే వదినా."

"ఎక్కమంటాండా."

స్టీరింగు దగ్గర అతన్ని కూర్చోబెట్టాను. వెనక అత్తను, ఆమె ఒళ్లో వేడి గంపను పెట్టాను. వానలో తడిసిన గొడుగులు కూడా లోపల వేశాను. నేను పక్క సీట్లో కూర్చుని అద్దాలు ఎత్తించాను. ఇంజన్ ఆన్ చేయించాను, ఏసీ వద్దన్నాను. పిచ్చి పట్టిందా అన్నట్టు చూశాడు. కాసేపటికి అద్దం మసకబారింది. ఇంకాసేపటికి తెల్లబడింది. నెయ్యి గుడ్డ తీసుకుని రుద్దాను. మళ్లీ పట్టింది.

"ఏం కనపడతాండాది మరిదీ?"

"ఏం కనపడల్యా వదినా."

"నాకు కనపడతాండాది, పో. బండి తియ్."

నవ్వాడు. నేను నవ్వలేదు. అతని నవ్వు మెల్లగా ఆగింది. "ఏందీ వదినా?" అన్నాడు. నేను కిటికీ అద్దం దించి, వసారాలో ఉన్నవాళ్లకూ వినపడేట్టు చెప్పాను.

"ఆ పొద్దు సునంద నన్ను అడిగింది. నేను ఈ మాటే చెప్పినా. నాకు ఏం కనపడల్యా. తెలిసే అబద్ధం చెప్పినా. ఏసీ వద్దన్నది నేను, నెయ్యి గుడ్డతో రుద్దింది నేను, పో అన్నది నేను. బెదిరింది అని మీకు చెప్పింది గూడా నేనే."

వెనక నుంచి అత్త గొంతు. "నా చెయ్యి ఇరిగింది నీ నోటి వల్లనా?"

"అవునత్తా."

"నేను బచ్చాల వేడి పోగూడదంటి. కండ్లు పోవాలని అన్నానా?"

ఆ వాదన నేను ఓడిపోయాను. నా జన్మలో మొదటిసారి.

మా ఆయన గొడుగు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. "పాత సంగతి ఎందుకే, మంచి పని మీద పోయేటప్పుడు?" అన్నాడు. "ఆ పొద్దు గూడా మంచి పని మీదనే గదయ్యా పోయింది!" అన్నాను. మరిది తేరుకున్నాడు. "నువ్వు ఏం చెప్పినా వదినా, ఆపాల్సింది నడిపే మనిషే గదా" అన్నాడు. ఇదిగో, ఇక్కడ నా నోరు మొదటిసారి పనికొచ్చింది. "పెద్దకోడలు పో అంటే చిన్నకోడలు ఆగొచ్చని ఈ ఇంట్లో ఎవురైనా చెప్పినారా? నువ్వు ఎప్పుడైనా మీ అన్న మాట కాదన్నావా? ఇప్పుడు ఆపాల్సింది ఆమె, అప్పుడు అణగాల్సింది ఆమె. తాళాలు ఇయ్యి." ఇంకా ఏదో అనబోయాడు. అనేలోపు శ్రావ్య వానలోకి వచ్చి కిటికీలోంచి చెయ్యి చాపింది. ఇచ్చాడు. పిల్ల తీసుకెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టింది.

ఎన్ని వాదనలు గెలిచానో లెక్క లేదు. ఏ గెలుపుకూ ఇలా కళ్లలో నీళ్లు రాలేదు. అదీ నా మీద నేనే గెలిచిన వాదన!

సునంద తాళాల వైపు చూసింది. నా వైపు చూడలేదు. కొంగు దోపి, మరిది దిగిన స్టీరింగు సీట్లో కూర్చుంది. పొడి బట్ట అడిగి జిడ్డంతా తుడిచింది. ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పింది. అద్దం కింది నుంచి పైకి తేటపడుతూ వచ్చింది. ముందు వాకిలి, తర్వాత గేటు, తర్వాత రోడ్డు. శ్రావ్య చప్పట్లు కొట్టింది.

"బచ్చాలు సల్లారుతాయే అమ్మీ" అంది అత్త.

"సల్లారనీ అత్తా. పెనం నంద్యాలలో గూడా ఉంటాది."

ఇంత పెద్ద పట్టింపుకు ఇంత చిన్న జవాబు ఉందని ఇన్నేళ్లలో మాకెవరికీ తోచలేదు.

సిరివెళ్ల దాటాం. కల్వర్టు వస్తోంది. వాన దంచుతోంది. నా చేతులు వణుకుతున్నాయి, ఆమెవి కాదు. "సునందా..." అన్నాను.

"రోడ్డు నాకు కనపడతాండాది. ఈ తూరి నిన్ను అడగనులే అక్కా."

వంపు తిరిగింది. బండి నీళ్ల మీద తేలినట్టు తిరిగింది. నంద్యాలలో ఆడబిడ్డ ఇంటి ముందు, సందులో, రెండు కార్ల మధ్య ఒక్క దెబ్బకు వెనక్కి పెట్టి ఆపింది. హారను కొట్టింది. కొంగు దులుపుకుని దిగింది. లోపలి నుంచి ఆడవాళ్లందరూ గుమ్మంలోకి వచ్చారు. ఆ దిగడం చూసి ఈసారి నా గుండె ఉప్పొంగింది. భక్ష్యాలు గోరువెచ్చగా ఉన్నాయి. ఎవరి మనసూ చల్లారలేదు.

ఆ వచ్చిన ఆదివారం సునంద, శ్రావ్య దొర్నిపాడు వెళ్లారు. నన్ను రమ్మనలేదు. అత్త నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది. మాట్లాడనీ. క్షమించమని నేను ఎవరినీ అడగలేదు, అడిగే ముఖం లేదు. కానీ వాన పడితే ఇప్పుడు నేను నవ్వాల్సిన పని లేదు. కథ మొదలుపెట్టబోయినవాళ్లను అక్కడే ఆపి అసలుది నేనే చెబుతున్నాను, గట్టిగా, వీధి చివర దాకా వినిపించేట్టు. ఒళ్లు తేలికయింది.

ఒక్కటి మాత్రం మిగిలింది. కల్వర్టు దగ్గర నేను అబద్ధం చెప్పినప్పుడు సునంద పక్కనే ఉంది. 'కనపడతాండాదని అక్కే చెప్పింది' అని ఒక్క మాట అంటే చాలు, తాళాలు ఆమెకే ఉండేవి. అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాత ఏ ఆదివారమూ అనలేదు. మొన్న వంటింట్లో అడిగాను. "పాలు పొంగుతాండాయి అక్కా, జరుగు" అంది. నాకు భయపడిందా? చెప్పినా ఎవరూ నమ్మరనుకుందా? లేక నేనే చెబుతానని ఇన్నాళ్లూ ఎదురుచూస్తూ కూర్చుందా? వాదనకు రావడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఎప్పుడైనా చదువుతుందని. సునందా, ఆ పొద్దు నువ్వెందుకు చెప్పలేదు?