కొడుకు ముందు అడిగిన ప్రశ్న

2023. బెంగళూరులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నేను ప్రీ-ఆప్ నర్సును. ఆపరేషన్‌కు ముందు రోగిని ప్రశ్నలడిగి చెక్‌లిస్టు నింపడం నా పని. మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు.

చందాపురలో పూలంగడి నడిపే జయమ్మగారు కొడుకుతో వచ్చారు. గర్భసంచిలో క్యాన్సర్, తొలిదశ. నాలుగు రోజుల్లో ఆపరేషన్. "మూత్రం కారడం, కింద జారినట్టుండడం ఉందా?" అంటే కొడుకే, "అట్లాంటిదేం లేదు మేడమ్" అన్నాడు. ఆమె తల దించుకున్నారు. నేను ‘లేదు’ దగ్గర టిక్ పెట్టేశాను. కన్నకొడుకు ముందు ఏ తల్లి ఔనంటుంది?

అంతలో ఆమెకు తుమ్మొచ్చింది. చప్పున కాళ్లు మెలివేసుకున్నారు. కాన్పయినప్పటి నుంచి నేనూ అదే చేస్తున్నాను, ఇక ఎప్పటికీ ఇంతేనేమోనన్న భయంతో. కొడుకును కింది కౌంటరుకు పంపి తలుపు వేశాను.

"పెద్దమ్మా, తుమ్మితే నాకూ కారుతుంది. మీకూ అంతేనా?"

"ఇంత చిన్నదానివి, నీకేం వచ్చె?" నవ్వారు. తర్వాత మెల్లగా, "పదేండ్లుగా ఉండాది తల్లీ. సంచి జారతాది. గుడ్డ మడిచి పెట్టుకుంటా. అంగట్లో నిలబడాల కదా."

"డాక్టరుకు చెప్పలేదే?"

"ప్రాణం తీసే రోగం పెట్టుకొని ఇది చెప్తే నవ్వరా? ఎట్లాగూ సంచి తీస్తారు, ఇదీ పోతాది లే."

పోదు. గర్భసంచి తీసినా దాన్ని మోసే పెల్విక్ ఫ్లోర్, అంటే పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు, వదులుగానే ఉంటాయి. తర్వాత మూత్రాశయం జారవచ్చు. మళ్లీ మత్తు, మళ్లీ కోత.

టిక్‌ను ఒక్క గీతతో కొట్టేసి, సంతకం చేసి సర్జన్ దగ్గరికి వెళ్లాను.

"ఆపరేషన్ల లిస్టు ఫైనల్ అయింది సిస్టర్. నేను చూశాను కదా?"

"పడుకోబెట్టి చూశారు మేడమ్, అప్పుడు జారినది బయటపడదు. నిలబెట్టి దగ్గించి చూడండి. చెక్‌లిస్టులో తప్పు నాదే."

చూశారు. వెంటనే యూరోగైనకాలజిస్టును, ఇలా జారినవాటిని సరిచేసే డాక్టరును, పిలిపించారు. జయమ్మగారితో మాట్లాడి, తేదీ మార్చకుండానే, ముందు క్యాన్సర్ పని, తర్వాత అదే మత్తులో జారినదాన్ని పైకెత్తి కుట్టడం అని నిర్ణయించారు.

మూడు నెలలకు ఆమె చెకప్‌కు వచ్చారు. "మైసూరు దాకా బస్సులో పోయొస్తి. నడుమ యాడా దిగల్యా! నువ్వు చూపించుకుంటివా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"నాకు మాత్రం బాగా చెప్తివి!"

మర్నాడే ఫిజియోథెరపీలో పేరు రాయించుకున్నాను. ఇప్పుడు మా వార్డులో ఆ ప్రశ్న వచ్చేసరికి, ఏ సిస్టరైనా ముందు వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి తలుపు వేస్తుంది. ఆ పద్ధతి పెట్టించింది నేనే అని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.